ప్రాజెక్టు పూర్తయిందంటే ఏం పూర్తయినట్టు?



ప్రాజెక్టు వర్క్ ఇచ్చిన వారం మా ఫోన్లు మోగుతూనే ఉంటాయి. "మేడం గారూ, ఆ హార్ట్ మోడల్ అమలాపురంలో ఎక్కడ దొరుకుద్దండీ?" అని ఒకరు. "ఆయ్, మావాడికి ట్యూషన్ ఉందండీ, థర్మోకోల్ పని నేనే చేసేశాను, పర్వాలేదు కదండీ?" అని ఇంకొకరు. మీ ఇబ్బంది నాకు తెలుసు. పొద్దున్నే బస్సెక్కిన పిల్ల చీకటి పడ్డాక ఇంటికొస్తే ప్రాజెక్టు ఎప్పుడు చేస్తుంది? ఆ టైమ్‌టేబుల్ వేసింది కూడా మేమే.

అయినా ఈ నెల ఈ విషయమే రాయడానికి కారణం ఉంది. పదో తరగతి పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న తరచుగా వింటున్నాను. "నీట్‌లో సీటు గ్యారంటీ లేదు కదండీ, ఎంపీసీ తీసుకుని వైద్య రంగం వైపు వెళ్లే దారి ఏమన్నా ఉందా?"

ఉంది. దాని పేరు బయోమెడికల్ ఇంజినీరింగ్. ఇంటర్‌లో ఎంపీసీ, బీటెక్‌లో బయోమెడికల్ గానీ ఎలక్ట్రానిక్స్, మెకానికల్ లాంటి బ్రాంచి గానీ, ఆ తర్వాత గేట్ రాసి ఎంటెక్. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కి విడిగా పేపరు ఉంది. సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగం ఉంది. విశాఖపట్నంలో వైద్య పరికరాల తయారీ కోసమే మెడ్‌టెక్ జోన్ వచ్చింది. దారి ఇంతే, చెప్పడం తేలిక. కష్టమంతా ఎంటెక్ చివరి ఏడాదిలో ఉంటుంది.

మొదటి ఏడాది సబ్జెక్టులు, పరీక్షలు. అవి మన పిల్లలకు కొట్టిన పిండే. రెండో ఏడాది సాధారణంగా ప్రాజెక్టుకే పోతుంది. గైడ్ ఉంటారు గానీ 'కీ' ఉండదు. గైడ్‌కీ జవాబు తెలియదు. ముందే తెలిసిన జవాబైతే దానికి ఏడాది అక్కర్లేదు. ఎనిమిదో తరగతి నుంచి నాలుగు ఆప్షన్లలో ఒకటి టిక్ పెట్టడం నేర్పించిన పిల్లకి, ఆప్షన్లే లేని ప్రశ్న ముందు కూర్చోవడం ఎలా ఉంటుందో ఊహించండి.

మీ అందరికీ తెలిసిన వస్తువుతోనే చెబుతాను. కరోనా రోజుల్లో ఇంటింటికీ వచ్చిన పల్స్ ఆక్సీమీటర్. వేలికి క్లిప్పు పెడితే ఎర్ర కాంతి, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేలి గుండా వెళ్తాయి. ఆక్సిజన్ ఉన్న రక్తం ఒక రకంగా, లేని రక్తం ఇంకో రకంగా ఆ కాంతిని పీల్చుకుంటుంది. ఆ రెండిటి నిష్పత్తి నుంచి 97, 98 అని అంకె వస్తుంది. దీన్ని కనిపెట్టింది జపాన్ ఇంజినీర్ టకువో అయోయాగి. నిజానికి ఆయన వెతుకుతున్నది ఇది కాదు. గుండె ఎంత రక్తం పంపుతోందో కొలవబోతే, నాడి కొట్టుకున్నప్పుడల్లా వచ్చే అలలు రీడింగును పాడుచేసేవి. ఆ అలల్ని తీసేయాలని తంటాలు పడుతూ, ఆక్సిజన్ లెక్క ఆ అలల్లోనే ఉందని గుర్తించారు. ఆ ఆలోచనను 1974లో బయటపెట్టారు. చెత్త అనుకున్న రీడింగులు పారేసి, పుస్తకంలో ఉన్న నున్నటి గ్రాఫు గీసి చూపించి ఉంటే ఆ పరికరం అప్పుడు పుట్టేది కాదు.

"అలాంటివి మెడికల్ షాపులో కొనుక్కోవచ్చు కదా, ఎంటెక్‌లో మళ్లీ చేయడం దేనికి?" అని మీరు అడగవచ్చు. ఆ అంకె ఎవరి వేళ్లతో సరిచూసినదో దాన్ని బట్టి ఉంటుంది. 2020 డిసెంబరులో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం, నల్లజాతి రోగుల్లో ఆక్సిజన్ పడిపోయినా ఆక్సీమీటర్ బాగానే ఉందని చూపించడం తెల్లవారితో పోలిస్తే దాదాపు 3 రెట్లు ఎక్కువగా జరిగిందని తేల్చింది. మరి మన దగ్గర? కొబ్బరి దింపు తీసేవాళ్ల చేతులు చూసే ఉంటారు. కాయలు కాచి, చర్మం మందమెక్కి ఉంటాయి. ఆ వేలి మీద ఈ క్లిప్పు సరిగ్గా చెబుతుందా? రాజోలు పిల్ల ఒకతి ఎంటెక్‌లో ఈ ప్రశ్న పట్టుకుందనుకోండి. ఎలక్ట్రానిక్స్ ఎంత వచ్చినా అక్కడితో సరిపోదు.

ఎందుకంటే మనుషుల మీద పరీక్ష చేయాలంటే ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, పరీక్షకు ఒప్పుకునే మనిషికి అర్థమయ్యే భాషలో సమ్మతి పత్రం ఉండాలి. ఏం చేస్తారు, ఇబ్బంది ఏమైనా ఉంటుందా, వద్దనుకుంటే మధ్యలో మానేయవచ్చు అన్నవన్నీ అందులో చెప్పాలి. అంటే ఆ పిల్ల దింపు కార్మికుడి ఎదురుగా కూర్చుని "బాబాయ్, ఇది ఇందుకండీ" అని తెలుగులో వివరించాలి, తెలుగులో రాయాలి. నేను ఇంగ్లిష్ మీడియం టీచర్‌ని, నా జీతం దాని మీదే. అయినా చెబుతున్నాను, తెలుగు పేపర్‌ని "పాస్ అయితే చాల్లెండి" అని వదిలేసిన పిల్లలు అక్కడ నీళ్లు నములుతారు.

ఇక హైదరాబాద్ అమీర్‌పేట సంగతి. అక్కడ ఇంజినీరింగ్ ప్రాజెక్టులు కోడ్‌తో, రిపోర్టుతో సహా అమ్ముతారని చాలామందికి తెలుసు. అది తప్పని అందరూ అంటారు. అయితే ఆరో తరగతిలో హార్ట్ మోడల్ కొనిచ్చిన ఇంటికి, ఇరవై మూడేళ్ల కొడుకు ప్రాజెక్టు కొనుక్కొస్తే ఏమనాలో తెలియదు. వైద్య పరికరం విషయంలో ఇది మరీ ప్రమాదం. కొన్న రిపోర్టుతో డిగ్రీ తెచ్చుకున్న మనిషే రేపు ఐసీయూలో వాడే మానిటర్‌ను పరీక్షించి "సరిగ్గానే ఉంది" అని సంతకం పెట్టొచ్చు.

నిజంగా పూర్తి చేయడం ఎలా ఉంటుందో మన దేశంలోనే చూడండి. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం కృత్రిమ గుండె కవాటం తయారీకి పూనుకుంది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది నిలబడింది. 1990 డిసెంబరులో మొదటిసారి రోగికి అమర్చారు. మధ్యలో పదేళ్లకు పైనే గడిచాయి. మరోవైపు హైదరాబాద్‌లో కలాం గారి అనుభవం ఉంది. నిమ్స్ ఆర్థోపెడిక్ డాక్టర్ ఒకరు క్షిపణుల కోసం చేసిన తేలికైన పదార్థాన్ని చూసి, కాళ్లకు 3 కిలోల పైచిలుకు కాలిపర్లు తగిలించుకుని ఈడుస్తూ నడుస్తున్న పిల్లల దగ్గరికి ఆయన్ని తీసుకెళ్లారు. మూడు వారాల్లో 300 గ్రాముల కాలిపర్లు తయారయ్యాయని కలాం గారు తన ప్రసంగాల్లో చెప్పేవారు. ఒకటి పదేళ్లు, ఇంకొకటి మూడు వారాలు. రెండు చోట్లా పరీక్ష ఒకటే, రోగికి పనికొచ్చిందా లేదా అని. ఎంటెక్ ఏడాదిలో ఏ విద్యార్థీ కవాటం చేసేయలేదు. మూడు నమూనాల్లో ఒకటి ఎందుకు విరిగిందో నిజాయితీగా రాయగలిగితే ఆ ప్రాజెక్టు పూర్తయినట్టే అని నా అభిప్రాయం.

మా వైపు నుంచి కూడా మారాల్సింది ఉంది. మెరుస్తున్న మోడల్‌కి ఎక్కువ మార్కులు వేసే టీచర్లు ఉన్నంతకాలం మిమ్మల్ని తప్పుపట్టే హక్కు మాకు లేదు. నా క్లాసు వరకు ఒక పద్ధతి పెడుతున్నాను. మోడల్‌తో పాటు రెండు పేజీల నోటు కావాలి. ఏం అనుకున్నారు, ఏది పనిచేయలేదు, దాన్ని ఎలా మార్చారు అన్నది పిల్లల సొంత చేతిరాతలో, ఇంగ్లిష్‌లో ఒక పేజీ, తెలుగులో ఒక పేజీ. బెలూన్, స్ట్రా, ప్లాస్టిక్ సీసాతో చేసిన ఊపిరితిత్తుల మోడల్ గాలి లీకవుతున్నా తీసుకుంటాను. కొన్న మోడల్‌ను వెనక్కి పంపుతాను.

ఫిబ్రవరి 28న సైన్స్ డే ఎగ్జిబిషన్‌కి మీరు ఎలాగూ వస్తారు. అప్పుడు మీ పిల్లల టేబుల్ ముందే కాకుండా పక్క పిల్లల టేబుల్ ముందు కూడా కాసేపు నిలబడి, "ఇందులో ఏది పనిచేయలేదమ్మా?" అని తెలుగులోనే అడగండి.