పరుగులతో పాటు బంతులు కూడా లెక్కపెడదాం



సంక్రాంతి సెలవులు మొదలుకొని వేసవి సెలవులు ముగిసేవరకు మన ప్రాంతంలో క్రికెట్ టోర్నమెంట్ల కాలం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఏ కాలేజీ గ్రౌండు చూసినా సున్నపు గీతలు, షామియానా, మైకు కనిపిస్తాయి. ఊరి పెద్దల జ్ఞాపకార్థం ఒక కప్పు, యువజన సంఘం వారిది ఇంకొకటి, చర్చి యూత్ వారిది మరొకటి. అప్పటిదాకా సాయంత్రం పూట ఖాళీ జాగాలో సరదాగా బౌలింగ్ చేసుకునే పిల్లవాడి పేరు ఒక్కసారిగా టీములోకి ఎక్కుతుంది. ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. సంతోషించవలసిందే. ఆటలాడే పిల్లలను చూస్తే మాకూ సంతోషమే. సెల్‌ఫోను పట్టుకొని మూలన కూర్చునే పిల్లవాడి కంటే ఎండలో బంతి పట్టుకొని పరుగెత్తే పిల్లవాడే మేలు.

అయితే నర్సింగ్ విభాగం తరఫున మేము ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాము. పిల్లలను లీగులకు, టోర్నమెంట్లకు పంపండి. కాని బౌలింగ్ చేసే పిల్లవాడు రోజుకు ఎన్ని బంతులు వేశాడో ఒక పెద్ద మనిషి నోటుబుక్కులో వ్రాసిపెట్టాలి. పరుగులు లెక్కవేసే స్కోరర్ ఉన్నప్పుడు బిడ్డ నడుము మీద పడే బరువును లెక్కవేసే మనిషి ఎందుకు ఉండకూడదు?

ప్రాక్టీసు వేరు, పోటీ వేరు

సరదాగా ఆడేటప్పుడు శరీరమే మనకు యజమాని. అలసిపోతే పిల్లవాడు బంతి ఇంకొకరికి ఇచ్చి కూర్చుంటాడు. వాన వస్తే ఇంటికి పోతాడు. టోర్నమెంటులో యజమాని కెప్టెన్. చివరి ఓవరు వేయమంటే వేయాలి. చూసేవారు ఈలలు వేస్తుంటే మామూలు కంటే వేగంగా వేస్తాడు. పైగా బంతి మారుతుంది. టెన్నిస్ బంతి 60 గ్రాముల లోపు ఉంటుంది. పెద్దలు ఆడే లెదర్ బంతి సుమారు 156 నుండి 163 గ్రాములు. అంటే రెండున్నర రెట్లకు పైగా బరువు. నిన్నటిదాకా టెన్నిస్ బంతి విసిరిన భుజం ఇవాళ ఈ బరువుకు అలవాటు పడాలంటే కొన్ని వారాలు పడుతుంది.

నిర్వాహకులు మాతో ఒక మాట అంటుంటారు. “మేడం, మావి 8 ఓవర్ల మ్యాచులే. ఒక్కొక్కరికి 2 ఓవర్లే. దానికే నడుము పోతుందా?” న్యాయమైన ప్రశ్నే. లెక్క చూద్దాం. శనివారం మూడు మ్యాచులు, ఆదివారం సెమీఫైనల్, ఫైనల్ అనుకుందాం. మ్యాచుకు 12 బంతుల చొప్పున 60 బంతులు. ప్రతి మ్యాచుకు ముందు వార్మప్ పేరుతో పూర్తి వేగంతో వేసే 20 బంతులను ఎవరూ లెక్కపెట్టరు. అవి ఇంకో 100. మొత్తం 160 బంతులు. ఒక్క శనివారమే 96. అదే పిల్లవాడు మధ్యలో ఇంకో టీముకు కూడా ఆడితే ఇక చెప్పనక్కరలేదు.

ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు 2010వ దశకంలో చిన్న వయసు ఫాస్ట్ బౌలర్లకు పెట్టిన పరిమితులు ఇలా ఉన్నాయి. 13 ఏళ్ల లోపు వారికి వరుసగా 5 ఓవర్లు, రోజు మొత్తానికి 10. 14, 15 ఏళ్ల విభాగాల వారికి వరుసగా 6, రోజుకు 12. 16 నుండి 19 వరకు వరుసగా 7, రోజుకు 18. 14 ఏళ్ల పిల్లవాడికి 12 ఓవర్లంటే 72 బంతులు. మన ‘చిన్న మ్యాచు’ల శనివారం 96 బంతులు. ఏది ఎక్కువో మీరే చూడండి.

లోపల ఏమి జరుగుతుంది?

ఫాస్ట్ బౌలర్ పరుగెత్తి వచ్చి ముందు కాలు నేల మీద మోపిన క్షణంలో అతని బరువుకు ఐదు రెట్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ అదురు కాలి గుండా నడుముకు చేరుతుంది. అదే క్షణంలో నడుము వెనక్కు, పక్కకు వంగి మెలి తిరుగుతుంది. వెన్నుపూస వెనుక భాగంలో సన్నని ఎముక ఉంటుంది. ఈ మెలి అక్కడే పడుతుంది. ఎదిగే వయసులో ఆ ఎముక ఇంకా గట్టిపడదు. ఇరవై దాటినా కొన్నేళ్ల వరకు అది బలపడుతూనే ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ పోతే ఒకచోట వేడెక్కి చీలినట్లు ఆ ఎముకలో సన్నని పగులు వస్తుంది. దీనినే స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఒక దెబ్బతో వచ్చేది కాదు గనుక ఎప్పుడు మొదలైందో పిల్లవాడికే తెలియదు.

విశ్రాంతి దొరికితే ఎముక తనను తాను బాగుచేసుకుంటుంది. ఆస్ట్రేలియాలో 12 నుండి 17 ఏళ్ల మధ్య వయసున్న 44 మంది ఫాస్ట్ బౌలర్లను ఒక సీజను పాటు గమనించి 2005లో ఫలితాలు ప్రకటించారు. వారిలో 11 మందికి, అంటే నలుగురిలో ఒకరికి, ఎక్కువగా వేయడం వల్ల వచ్చే గాయాలయ్యాయి. బౌలింగుకు బౌలింగుకు మధ్య సగటున మూడున్నర రోజుల కంటే తక్కువ విరామం ఉన్నవారికి గాయమయ్యే అవకాశం మూడు రెట్లు కనిపించింది. పెద్ద బౌలర్ల మీద 2003లో వచ్చిన అధ్యయనంలో ఇంకో సంగతి తేలింది. విరామం మరీ తక్కువైనా, మరీ ఎక్కువైనా ప్రమాదమేనట. నెల రోజులు బంతి ముట్టకుండా ఒక్కసారి టోర్నమెంటులో దిగేవారు ఈ రెండో మాట గుర్తుంచుకోవాలి.

సిరాజ్ కూడా ఇలాగే వచ్చాడు కదా?

తల్లిదండ్రులు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. నిజమే. హైదరాబాదులో ఆటో నడిపిన తండ్రి కొడుకు మహ్మద్ సిరాజ్ టెన్నిస్ బంతితోనే ఎదిగాడు. 2015లో రంజీ, 2017లో భారత టీ20 జట్టు, 2020లో మెల్‌బోర్న్‌లో టెస్టు. 2025లో ఇంగ్లండులో అయిదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకు పైగా వేసి 23 వికెట్లు తీశాడు. అది చూసి మేమూ గర్వించాము. కాని అప్పటికి అతనికి 31 ఏళ్లు. ఏళ్ల తరబడి మెట్టు మెట్టుగా బలపడిన శరీరం. పక్కన ఫిజియో, ట్రైనర్, రోజువారీ లెక్క.

అదే సిరీసులో జస్‌ప్రీత్ బుమ్రా మూడు టెస్టులే ఆడాడు. అది ముందే తీసుకున్న నిర్ణయం. 2019లో అతని నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్ బయటపడింది. 2022లో నడుము నొప్పితోనే టీ20 ప్రపంచకప్పుకు దూరమయ్యాడు. 2023లో వెన్నుకు ఆపరేషన్ అయింది. అంతటి బౌలర్‌కే లెక్క పెడుతున్నప్పుడు మన తొమ్మిదో తరగతి పిల్లవాడికి వద్దా?

ఆడపిల్లల సంగతి మరువకండి. భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష 2025 అండర్-19 ప్రపంచకప్పులో ఉత్తమ క్రీడాకారిణి. కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి అదే సంవత్సరం భారత్ గెలిచిన మహిళల ప్రపంచకప్పులో 14 వికెట్లు తీసింది. వారిని చూసి మన అమ్మాయిలూ బంతి పడుతున్నారు. టోర్నమెంటుకు ముందు వారికి రక్తపరీక్ష చేయించండి. రక్తం తక్కువగా ఉన్న అమ్మాయి త్వరగా అలసిపోతుంది. అలసిన శరీరానికే గాయాలు ఎక్కువ.

ఇంట్లో ఈ సంగతులు గమనించండి

నడుములో ఒక పక్కన నొప్పి, ఎక్కువగా బంతి వేసే చేతికి ఎదురు పక్కన. వెనక్కు వంగినప్పుడు ఎక్కువవుతుంది. పడుకుంటే తగ్గుతుంది, మళ్లీ బౌలింగ్ చేస్తే వస్తుంది. ఇలాంటి నొప్పిని “నరం పట్టింది” అని నూనె రుద్దించి వదిలేయవద్దు. ఫైనల్ ఆడాలని నొప్పి ఇంజెక్షన్ వేయించుకొని గ్రౌండులోకి దిగడం అన్నిటికంటే పెద్ద ప్రమాదం. ఇంజెక్షన్ నొప్పిని ఆపుతుంది, పగులును ఆపదు. మొదట్లో ఎక్స్‌రేలో పగులు కనిపించకపోవచ్చు. “ఎక్స్‌రే బాగుంది” అన్నంత మాత్రాన బంతి పట్టవద్దు. నొప్పి తగ్గకపోతే ఎముకల డాక్టరును కలవండి. వారు ఎమ్మారై అవసరమో కాదో చెబుతారు. త్వరగా కనిపెడితే కొన్ని నెలల విశ్రాంతితో, వ్యాయామంతో చాలామందికి నయమవుతుంది. ఆలస్యం చేస్తే జీవితాంతం నడుము నొప్పి మిగిలిపోవచ్చు.

ఈ మాట మన ప్రాంతం వారికి ఇంకా ముఖ్యం. సిరిసిల్లలో రాత్రంతా సాంచాల దగ్గర నిలబడి పొద్దున్నే మ్యాచుకు వెళ్లే యువకులున్నారు. నిద్ర లేని శరీరంతో ఫాస్ట్ బౌలింగ్ చేయవద్దని వారికి మా మనవి. రేపు కుటుంబాన్ని పోషించేది ఆ నడుమే. జగిత్యాల, కోరుట్ల వైపు తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే తల్లి ఒక్కతే బిడ్డను చూసుకుంటుంది. క్రికెట్ తెలియకపోయినా ఫరవాలేదమ్మా. “ఇవాళ ఎన్ని బంతులు వేశావు? ఎక్కడైనా నొప్పి ఉందా?” అని రోజూ రెండు ప్రశ్నలు అడగండి. అది చాలు.

ఇంకొక మాట కొంచెం కష్టంగా ఉన్నా చెప్పాలి. చిన్న వయసు విభాగంలో ఆడించాలని పుట్టిన తేదీ మార్పించాలని చూసే తల్లిదండ్రులు ఉన్నారు. బోర్డు వారు మణికట్టు ఎక్స్‌రేతో ఎముక వయసు చూస్తున్నారు. దొరికిపోతే బిడ్డ భవిష్యత్తే పోతుంది. దొరకకపోయినా అది ఇంకొక బిడ్డ చోటును లాక్కోవడమే. దయచేసి ఆ పని చేయవద్దు.

మా సూచనలు

1. టోర్నమెంటుకు కనీసం ఆరు వారాల ముందు నుండి బంతుల సంఖ్య కొంచెం కొంచెంగా పెంచండి. 13 ఏళ్ల లోపు పిల్లలకు ప్రాక్టీసులో ఒక పూటకు 30 బంతులు చాలు.

2. ఫాస్ట్ బౌలింగ్ వరుసగా రెండు రోజులకు మించి వద్దు. వారంలో నాలుగు రోజులకు మించి అసలే వద్దు.

3. వార్మప్ బంతులను, వేరే టీముకు వేసినవాటిని కూడా లెక్కలో కలపండి.

4. లెదర్ బంతితో ఆడేటప్పుడు హెల్మెట్, గార్డు లేకుండా బ్యాటింగుకు పంపవద్దు. 13 ఏళ్ల లోపు వారికి చిన్న బంతి దొరుకుతుంది, అదే వాడండి.

5. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 10 గంటల లోపు, సాయంత్రం 4 తర్వాతే మ్యాచులు పెట్టండి. లీటరు నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి అందుబాటులో ఉంచండి. పిల్లవాడు తికమకగా మాట్లాడినా, తూలినా వెంటనే నీడకు తెచ్చి ఒళ్లంతా తడిపి 108కి ఫోను చేయండి.

నిర్వాహకులకు, సంఘ పెద్దలకు చివరిగా ఒక విన్నపం. షామియానాకు, మైకుకు, కప్పుకు ఖర్చు పెడుతున్నారు. పది రూపాయల నోటుబుక్కు ఒకటి కొనండి. 18 ఏళ్ల లోపు బౌలర్ల పేర్లు వ్రాసి, పరిమితి దాటిన పిల్లవాడికి బంతి ఇవ్వకూడదని రూలు పెట్టండి. కెప్టెన్ కోపగించుకున్నా ఫరవాలేదు. ఈ సంవత్సరం కప్పు పోతే వచ్చే సంవత్సరం గెలవవచ్చు. బౌలింగ్ చేసే పిల్లలున్న తల్లిదండ్రులు ఆ లెక్క పుస్తకంతో మా ఓ.పి.కి రండి. కూర్చొని చూసి సలహా చెబుతాము.