మాటల పుట్టుక: ‘సాఫ్ట్’



మొన్న సాయంకాలము మా పొరుగింటి యిల్లాలు కూతురి పరీక్షాపత్రమును కొంగుచాటున బెట్టుకొని వచ్చినది. మార్కులు మంచివే. అడుగున ఉపాధ్యాయిని ఆంగ్లమున వ్రాసిన వాక్యములో ‘సాఫ్ట్’ అను మాట యున్నది. “మెత్తనిదని రాసినారంట గదమ్మా! మెత్తనోళ్లను జూస్తే మొత్తబుద్ధి అంటారు. ఇట్లాంటి పిల్లను హిందూపురం కాలేజీకి పంపేదే లేదని వాళ్ల నాయన పట్టుబట్టినాడు” అని ఆమె కన్నీరు పెట్టుకొన్నది.

ఒక్క మాటకు ఒక పిల్ల చదువు నిలిచిపోవునా యని నాకు గుండె గుబేలుమన్నది. మావారి బీరువాలోని నిఘంటువులు దింపించితిని.

ఈ మాట ఆంగ్లేయులకు కడు ప్రాతది. వేయియేండ్ల క్రిందట దాని రూపము ‘సోఫ్టె’. అప్పుడు దానికి దూదివలె మెత్తనైన దని యర్థము కాదు. నెమ్మది, సుఖము, కలతలేమి, పరులను నొప్పింపని స్వభావము, ఇవి దాని యర్థములు. తాకిన నణగు వస్తువులకు దానిని వాడుట రమారమి 1200 ప్రాంతమున మొదలైనది. జర్మనుల ‘జాన్ఫ్ట్’, డచ్చివారి ‘జాఖ్ట్’ దీనికి తోబుట్టువులు. వీని కన్నిటికిని ‘ఒప్పిదము, పొందిక’ యను నర్థముగల ధాతువు మూలమని పండితులందురు. మన ‘సమ’ శబ్దముతో దానికి చుట్టరికము గలదని కూడ కొందరి యూహ. తెలివితక్కువ యను నర్థము 17వ శతాబ్దమున వచ్చి చేరినది. మంచి కుటుంబములో పుట్టిన మాటకు గూడ నిందలు తప్పవు గదా!

మన ‘మెత్తన’ వేరొక యింటి బిడ్డ. తమిళుల ‘మెల్’, సరిహద్దు కావల బాగేపల్లిలో వినవచ్చు కన్నడపు ‘మెత్తగె’ దీని జ్ఞాతులు. బరో, ఎమెనో పండితులు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో నివన్నియు నొక్క చోటనే కూర్చుండియున్నవి. తలక్రింది మెత్తయు, మెల్లగా నడచుటయు నా వంశమువే. సంస్కృతపు ‘మృదు’వు మాత్రము లాటిను ‘మోలిస్’తో నేకగర్భజాతము. చర్మము పగిలినపుడు మందులంగడిలో మనము కొనెడి లేపనములపై ‘ఎమోలియెంట్’ అని యుండుట చూచియుందురు. అది యా ‘మోలిస్’ సంతానమే. ఇన్ని దేశములు తిరిగి మృదువు మన చిలమత్తూరి యంగడికి డబ్బాలో వచ్చినది!

ఇంతయు చూచి పత్రమును మరల చేతికి తీసికొంటిని. అప్పుడు గాని నా తొందరపాటు నాకు తెలియలేదు. ఆ మాట ఒంటరిగా లేదు. ప్రక్కనే ‘స్పోకెన్’ అని యున్నది. రెండును గలిసి ఒక్క సమాసము. మెల్లగా, నొప్పింపక మాటలాడు నది యని భావము. పొరుగింటి యామెకు సగము మాటయే యెవరో చెప్పిరి. నేనును ఆ సగమునే పట్టుకొని నిఘంటువులలో మునిగితిని.

రాత్రి భోజనములైన పిదప ఆమె పెనిమిటిని పిలిపించి మావారు సంగతి వివరించిరి. అతడు సగమే సమాధానపడినాడు. “మెల్లగా మాట్లాడేది బస్సులో కండక్టరును చిల్లరైనా అడగగలదా సార్?” అన్నాడు.

పిల్ల వాకిలి దగ్గర నిలిచియున్నది. గొంతు పెంచకయే, “నాయనా, శుక్రవారంతో ఫారాల గడువు అయిపోతుంది. నువ్వు సంతకం పెట్టాల” అన్నది.

మావారు జేబులోని కలము తీసి ఆతని ముందు బెట్టిరి.