గట్టిగా మోగాలంటే గట్టిగా పట్టకూడదు!

సినిమాలో హీరోగారు పార్కులో గిటార్ మీటితే అవతలి కొండ మీద హీరోయిన్‌కి కూడా వినిపిస్తుంది. 'యాదోం కీ బారాత్' (1973)లో తారిఖ్ చేతిలో గిటార్ చూసి మా మేనమామ ఒకటి కొన్నాడు. ఆయన వాయించిందీ లేదు, నేను దాన్ని వదిలిందీ లేదు! తెర మీద మోగే ఆ గిటార్ రికార్డింగ్ థియేటర్లో మైకు ముందు మోగిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎప్పుడంటారా? రెండేళ్ల క్రితం పెద్దపల్లిలో మా స్నేహితుడి చెల్లెలి పెళ్లిలో. పాట ఎత్తుకున్నానో లేదో కరెంటు పోయింది. మైకు మూగబోయింది. ముందు రెండొందల మంది జనం! పరువు పోతుందని పళ్లు బిగించి, పిక్కును నలిపేస్తూ బాదాను. ఫలితం? వెనక వరస వాళ్లకి వినిపించలేదు, మొదటి తీగ తెగింది, మోచేతి దాకా చెయ్యి కొయ్యబారింది. నాలుగు రోజులు కలం పట్టలేకపోయాను. రాస్తేనే పూట గడిచే నాకు అది చిన్న సంగతా, మీరే చెప్పండి!

ఆ రాత్రే వేపచెట్టు కింద గడ్డిమంట దగ్గర డప్పు కాపుకుంటున్న ఒక పెద్దాయన పిలిచాడు.

"ఏం బిడ్డా, దాన్ని వాయిస్తున్నవా, దానితోని కొట్లాడుతున్నవా?"

"గట్టిగ వినబడాలె గద కాకా!"

"గట్టిగ వినబడాల్నంటే గట్టిగ పట్టుకుంటరా? సిర్ర జారిపోకుంట పడితే సాలు. దెబ్బ పడ్డంక చెయ్యి దానంతటదే లేవాలె. నీ లెక్క బిగబడితే నా రెక్క ఎన్నడో పోవు!"

తర్వాత కూర్చుని ఆలోచిస్తే, కాకా మాట గిటార్‌కి అచ్చంగా సరిపోయింది. తీగ కదలిక బ్రిడ్జి ద్వారా పైచెక్కకి చేరి, ఆ చెక్క ఊగితేనే శబ్దం. ఆ చెక్క మీదే మోచెయ్యి అదిమితే, వెనక చెక్కను పొట్టకేసి నొక్కితే గిటార్ నోరు మనమే మూసినట్టు! ఎడమచేత్తో తీగను అవసరానికి మించి నొక్కినా శబ్దం పెరగదు, శ్రుతి మాత్రం పైకి పోతుంది. ఫ్రెట్టు పక్కనే, తీగ బుసకొట్టకుండా ఉండేంత నొక్కితే చాలు.

మరి కుడిచెయ్యి? భుజం దించి, మణికట్టు వదులు చేసి, చేతి బరువునే తీగల మీదుగా జారనివ్వండి. ఇంకా గట్టిగా కావాలంటే బిగువు కాదు, ఊపు పెంచండి. కొంచెం బ్రిడ్జి వైపు జరిగి వాయిస్తే శబ్దం పదునెక్కి గోలలోనూ తెలుస్తుంది. తుప్పుపట్టిన తీగలు మార్చండి. అన్నట్టు, ఊపిరి బిగబట్టారేమో చూసుకోండి! నొప్పిగానీ తిమ్మిరిగానీ వస్తే ఆపేయండి. తగ్గకపోతే డాక్టరు దగ్గరికే వెళ్లాలి.

ఇదంతా పల్లెటూరి చిట్కా అనుకునేరు! అమెరికాలో కౌంట్ బేసీ బ్యాండులో ఫ్రెడ్డీ గ్రీన్ అనే ఆయన 1937 నుంచి 1987లో కన్నుమూసేదాకా కరెంటు అక్కర్లేని గిటారే వాయించాడు. చుట్టూ ట్రంపెట్లు, డ్రమ్ములు! ఆయనేమో చాలాసార్లు ఆరు తీగలూ మోగించకుండా ఒకటి రెండు స్వరాలే పలికించేవాడు. అయినా బ్యాండుకి నడక నేర్పింది ఆ గిటారే. బలంతో అయ్యే పనైతే యాభై ఏళ్లు సాగేదా?

మొన్న వేసవిలో మళ్లీ అదే ఇల్లు, ఈసారి పాప బారసాల. మైకు పెట్టొద్దని నేనే అన్నాను. వాకిట్లో వెనక కూర్చున్న ముసలమ్మ నాలుగో పాటకి తాళం వేసింది. చెయ్యి నొప్పి లేదు. తెల్లారి ఈ వ్యాసం రాశాను, చూస్తున్నారుగా!

డప్పుని మాత్రం గిటార్ ఎప్పటికీ గెలవలేదు. కాకా ఆ రోజు రాలేదు కాబట్టి బతికిపోయాను!