చేతిపనుల పుట: కాగితపు శుభాకాంక్షపత్రికలు, కానుక పెట్టెలు



చిత్తుకాగితము లేని యిల్లు లేదు. బడి సెలవులు రాగానే బిడ్డల నోటుపుస్తకములలో సగము వ్రాసినవి, సగము వ్రాయనివి మూలను పేరుకొనును. పాత కాగితములు కొనువాడు వచ్చినపుడు వానిని తూకమునకు వేసి పంపుదుము. పండుగ రాగానే అంగడికి పోయి శుభాకాంక్షల కార్డును, కానుకకు పెట్టెను వెలపెట్టి తెత్తుము. ఇంటనుండి వెడలిన వస్తువే రూపు మార్చుకొని ఎక్కువ వెలకు మరల ఇంటికి వచ్చుచున్నదన్నమాట. ఈ మాసమున ఆ రూపు మార్చు పనిని మన చేతులతోనే ఎట్లు చేయవలెనో వివరింప దలచితిమి.

కాగితము చేయుట చీనాదేశమున పుట్టిన విద్య. క్రీ.శ. 105వ సంవత్సరమున చాయ్ లున్ అను రాజోద్యోగి చెట్ల బెరడు, జనుము, పాత గుడ్డలు, వలపేలికలు నలుగగొట్టి కాగితము చేసెనని అచటి చరిత్రలు చెప్పుచున్నవి. మన దేశమున ఈ వృత్తి నవలంబించినవారికి కాగజీలని పేరు. దౌలతాబాదు సమీపముననున్న కాగజీపురమునకు ఈ పనివలననే ఆ పేరు వచ్చినది. 1956 వరకు ఆ ఊరు మన తెలంగాణముతోపాటు హైదరాబాదు రాష్ట్రమునందే యుండెను. యంత్రముల కాగితము వచ్చి ఈ వృత్తి క్షీణించుచుండగా, 1934లో గాంధీమహాత్ముని ప్రేరణచే వెలసిన అఖిలభారత గ్రామపరిశ్రమల సంఘము దీనికి మరల ప్రాణము పోయుటకు పూనుకొనెను. నేటికిని జయపురము చెంతనున్న సాంగానేరున ప్రత్తి పేలికలనుండి చేతి కాగితము తయారగుచున్నది. ఇక అచ్చు వేసిన పండుగ కార్డు ఇంగ్లాండు నుండి వచ్చినది. 1843లో హెన్రీ కోల్ అను నతడు జాన్ కాల్‌కాట్ హార్స్‌లీ అను చిత్రకారునిచే క్రిస్మసు పండుగకు మొదటి కార్డును వ్రాయించెను. వచ్చిన ఉత్తరములన్నింటికిని వేఱువేఱుగ జవాబు వ్రాయుటకు తీరికలేక ఆయన ఈ యుపాయము పన్నెనందురు.

ఇక పనిలోనికి వత్తము.

కాగితము చేయుట: 21 సెంటీమీటర్ల వెడల్పు, 29.7 సెంటీమీటర్ల పొడవు గల మామూలు వ్రాతకాగితము ఒక్కొక్కటి 5 గ్రాములు తూగును. కార్డుకు తగిన మందపు కాగితము అదే కొలతది చేయుటకు 12 లేక 13 గ్రాముల గుజ్జు కావలెను. కొంత వృథాపోవును గనుక ఒక్కొక్క మందపు కాగితమునకు మూడు చిత్తుకాగితములు లెక్క వేసికొనుడు. సూదులను, మెఱుపుపూత గల కాగితములను ఏఱివేసి, మిగిలినవానిని చిన్న ముక్కలుగ చింపి ఒక రాత్రి నీట నానవేయవలెను. మఱునాడు నీరు ధారాళముగ పోసి మిక్సీలో కొద్దికొద్దిగ రుబ్బవలెను. ఈ పనికి పాత గిన్నె నొకదానిని వేఱుగ నుంచుకొనుట మంచిది. వంటగిన్నెను దీనికి వాడరాదు. వార్తాపత్రికలు కలిపిన గుజ్జు బూడిదరంగు తిరుగును. తెల్లని కాగితము కోరువారు నోటుపుస్తకములనే వాడవలెను.

సమానమైన రెండు కొయ్య చట్రములు చేయించి, ఒకదానికి దోమతెఱ వల బిగువుగ లాగి కొట్టవలెను. చట్రము పట్టునంత వెడల్పు తొట్టిలో గుజ్జును నీటితో పలుచగ కలిపి, వల గల చట్రముపై రెండవ చట్రము నుంచి, రెంటిని నిలువుగ ముంచి, నీటి అడుగున సమముగ త్రిప్పి పైకెత్తవలెను. ఎత్తునపుడు ఇటునటు మెల్లగ కదలించినచో గుజ్జు అన్ని వైపులకు సమముగ పఱచుకొనును. నీరు కాఱిన పిదప పై చట్రము తీసి, వలను తడిగుడ్డపై బోర్లించి, వెనుకనుండి గుడ్డతో అద్దినచో కాగితము గుడ్డపై నిలుచును. దానిపై మఱియొక గుడ్డ పఱచి, పీటవేసి బరువు పెట్టి, నీరు దిగిన తరువాత నీడపట్టున ఆరవేయవలెను. పండుటెండలో నారవేసిన కాగితము వంకరలు పోవును. గుజ్జులో ఉల్లిపొట్టు తునుకలో బంతిరేకులో కలిపినచో కాగితమునకు సహజమైన పూత వచ్చును. ఇవి ఎక్కువైన కాగితము పెళుసుబాఱును.

కార్డు మడచుట: ఆరిన కాగితమును రెండు సమభాగములుగ కోసి ఒక్కొక్కదానిని మడచినచో 10.5 సెంటీమీటర్ల వెడల్పు, 14.8 సెంటీమీటర్ల పొడవు గల రెండు కార్డులు వచ్చును. యంత్రపు కాగితమునందు నారలు ఒకే దిక్కుగ పడియుండును. కాగితమును రెండు దిక్కులకు మెల్లగ వంచి చూచినచో ఏ దిక్కున సులువుగ వంగునో ఆ దిక్కుననే మడత వేయవలెను. ఎదురు మడచిన అంచు పగులును. చేతి కాగితమున నారలు అన్ని దిక్కులకు పడియుండును గనుక ఈ చిక్కు లేదు. ఏ కాగితమైనను మడచుటకు ముందు మడత చోట అల్లికసూది మొద్దుమొనతో కొలబద్ద వెంట ఒక గీటు ఒత్తి, ఆ గీటుపై మడచి, చెంచా వెనుకతో రుద్దవలెను. కార్డుకంటె కవరు అన్ని వైపులను అర సెంటీమీటరు పెద్దదిగ నుండవలెను. రాళ్లు, పూసలు అంటించిన కార్డు తపాలాలో నలిగి చినుగును. బరువు హెచ్చి తపాలాకూలియు హెచ్చును.

అలంకారము: మనకు తెలిసిన పారాణి విద్యయే ఇచట పనికివచ్చును. పసుపును నీట కలిపి వడగట్టి కాగితమునకు పలుచగ పూసి ఆరనీయుడు. పిదప తేర్చిన సున్నపునీటిలో పుల్లను ముంచి ముగ్గు వ్రాసినచో వ్రాసిన చోటనెల్ల పసుపు ఎఱ్ఱబాఱును. బిడ్డలు దీనిని చూచి మఱల మఱల చేయుమందురు. అయితే సున్నపునీరు కంటబడకుండ పెద్దలు దగ్గఱ నుండవలెను. పసుపు వెలుతురునకు వెలిసిపోవు రంగు గనుక అట్టి కార్డును గోడకు తగిలించుటకంటె పెట్టెలో దాచుట మేలు. వేపరెబ్బ, కరివేపరెబ్బ, చిన్న పూరేకులు పాత పుస్తకపు పుటలనడుమ రెండు మూడు వారములుంచి, తేమ పూర్తిగ పోయిన పిదప అంటింపవలెను. ప్లాస్టికు తళుకుపొడి నీట కలిసి చెఱువులకు చేరునే గాని నశింపదు. 2022 జూలై 1 నుండి ఆహ్వానపత్రికలకును మిఠాయి పెట్టెలకును చుట్టు ప్లాస్టికు పొరలను, అలంకారమునకు వాడు థర్మోకోలును మన దేశమున నిషేధించిరి. కావున ఆ సామగ్రిని మన పనిలో చేరనీయకుందము.

ఏమి వ్రాయవలెను: కార్డునకు ప్రాణము లోని వ్రాత. అచ్చుమాటలను ఎత్తి వ్రాయుటకంటె, అందుకొనువారికి మాత్రమే చెల్లు ఒక్క వాక్యము వ్రాయుడు. అత్తగారికైనచో ఆమె నేర్పిన వంట ఏదో ఈ నాటికిని మన యింట చేయుచున్నామని. పుట్టినింటి వదినగారికైనచో మనము లేనివేళ అమ్మను కనిపెట్టుకొని యున్నందులకు కృతజ్ఞతయని. ఎదుట నిలిచి చెప్పలేని మాటలు కొన్ని కలవు. వానికి కాగితము మంచి త్రోవ.

ఇచట ఒక సంగతి ముఖ్యముగ విన్నవింతుము. ఏటిసూతకము గల యింట ఆ యేడు పండుగ లేదు. పండుగ లేనివారికి శుభాకాంక్షలు పంపరాదని మన మందఱము మానుదుము. మానుట ఆచారముచేతనే, అయినను ఆ యింటి యిల్లాలికి పండుగనాడు ఎవ్వరి మాటయు వినరాకపోవుట జరుగుచున్నది. ఊరెల్ల కళకళలాడు దినమున ఆమె యింటి గడప మాత్రము మూగవోవును. శుభలేఖకు వలె అంచులకు పసుపు పూయక, పండుగ పేరెత్తక, తెల్లని చేతి కాగితముపై ‘ఈ దినములలో మిమ్ము తలచుచున్నాము, వీలు చూచుకొని వచ్చి కూర్చుందుము’ అని వ్రాసి పంపుటలో ఏ యాచారమునకును భంగము లేదు. ఈ మాసమున ఒక్క కార్డు మాత్రమే చేయుటకు తీరిక దొరకినచో, ఆ యొక్కటియు అట్టి యింటికే చేరవలెనని మా కోరిక.

జిగురు: ఒక వంతు మైదాపిండిని కొంచెము చల్లని నీట ఉండలు లేకుండ కలిపి, మొత్తము ఐదు వంతుల నీరగునట్లు పోసి, సన్నని సెగపై కలియబెట్టుచు పారదర్శకమగువఱకు ఉడికింపవలెను. ఇది శీతలపెట్టెలో రెండు మూడు దినములు నిలుచును. కొండపల్లి బొమ్మల పనివారు వాడు చింతగింజల జిగురు ఇంతకంటె గట్టిది. గింజలను వేయించి, నల్లని పొట్టు తీసి, పప్పు నానవేసి రుబ్బి ఉడికించినచో అది సిద్ధమగును. పుస్తకములకు అట్టలు కట్టువారు పురుగు పట్టకుండ జిగురులో మైలుతుత్తము కలుపుదురు. అది విషము; బిడ్డలున్న యింట దాని జోలికి పోరాదు.

కానుక పెట్టె: మరమరల తిరిగి చేసిన కాగితమున నారలు పొట్టివగును గనుక పలు మడతలు గల పెట్టెకు ఇంట చేసిన కాగితము ఓర్వదు. దానికి ప్రత్తి పేలికల చేతి కాగితమో, గడచిన ఏటి గోడ క్యాలెండరు కాగితమో మేలు. దేవుని బొమ్మ గల పుటను విడిచి, అంకెల పుటలు తీసికొనుడు.

20 సెంటీమీటర్ల చతురపు కాగితమును మూలనుండి మూలకు రెండు మాఱులు మడచి విప్పి నడిబిందువును గుర్తింపుడు. నాలుగు మూలలను ఆ బిందువునకు మడువుడు. ఇట్లేర్పడిన చిన్న చతురము యొక్క ఎదురెదురు అంచులను నడిమికి మడచి విప్పుడు; తక్కిన రెండంచులను అట్లే చేయుడు. ఇపుడు ఎదురెదురుగనున్న రెండు మూలలను పూర్తిగ విప్పి, విప్పని రెండు వైపులను గోడలుగ నిలువబెట్టుడు. విప్పిన కొనలను పైకెత్తుచు, ప్రక్కలనున్న మూలమడతలను లోపలికి నొక్కి, కొనను గోడమీదుగ లోనికి దించినచో దాని మొన నడిబిందువును చేరును. నాలుగు మొనలకు క్రింద ఒక్కొక్క బొట్టు జిగురు చాలును. పెట్టె అడుగు సుమారు 7 సెంటీమీటర్లు, ఎత్తు 3.5 సెంటీమీటర్లు వచ్చును. మూతకు 20.6 సెంటీమీటర్ల కాగితము తీసికొని అట్లే మడచినచో సులువుగ కూర్చుండును. శ్రావణమాసపు పేరంటమునందు పసుపు కుంకుమ పొట్లములకును, సీమంతమున గాజులకును ఈ కొలతను పెంచియో తగ్గించియో వాడవచ్చును. అడుగు కావలసినంత వచ్చుటకు దానికి 2.83 రెట్ల కాగితము తీసికొనవలెనని గుర్తుంచుకొనిన చాలును.

తినుబండారములు పెట్టువారికి ఒక హెచ్చరిక. అచ్చు కాగితపు సిరా ఆహారమునకు అంటుట ఆరోగ్యమునకు హాని. 2023లో భారత ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ వార్తాపత్రికలలో ఆహారము చుట్టరాదని ప్రజలకు మఱల తెలియజెప్పినది. కావున లడ్డు, సున్నియుండ మొదలగువానిని పెట్టునపుడు లోపల కడిగి తుడిచిన అరటియాకు పఱచుడు.

అమ్మదలచినవారికి: కొందఱు సోదరీమణులు ఈ పెట్టెలను చేసి అమ్ముట మే మెఱుగుదుము. వారిలో పెక్కండ్రు కాగితపు వెలను లెక్కింతురే గాని తమ చేతిపనిని లెక్కింపరు. ‘తీరికవేళ చేసినదే గదా’ అందురు. ఉదాహరణకు, రెండు గంటలలో 10 పెట్టెలు చేయగలిగి, గంటకు 60 రూపాయలు కూలి కట్టుకొన్నచో పెట్టెకు 12 రూపాయలు కూలి యగును. కాగితమునకు 6, జిగురు దారములకు 2 కలుప 20. పదింట ఒకటి చెడునని తలచినచో, 200 రూపాయల ఖర్చునకు 9 పెట్టెలే నిలుచును. ఒక్కొక్కటి 22 రూపాయలకు పైబడును. దీనికంటె తక్కువకు అమ్మిన సోదరి తన కూలిని కొనువారికి దానము చేయుచున్నది. దానము మంచిదే, కాని తెలిసి చేయవలెను. మన యింటివారును ఈ లెక్కను ఒకమాఱు కాగితముపై చూచుట మంచిది.

కాగితము ఆరుటకు ఒకటి రెండు దినములు పట్టును గనుక పండుగకు పదిదినములు ముందే పని మొదలిడుడు. మొదటి రెండు మూడు కాగితములు సరిగ రాకున్న మరల తొట్టిలో వేసి కలుపవచ్చును. ఈ పనిలో చెడినదేదియు పాఱవేయవలసిన యగత్యము లేదు.