ఆఖరున తినే మనిషిని చూసేదెవరు?

మహానంది చుట్టుపక్కల ఊళ్లలో ఆడమనిషి స్పృహతప్పి పడిపోతే కారణాలు ముందే సిద్ధంగా ఉంటాయి. ఉపవాసమంటారు, రక్తం లేదంటారు, గాలి సోకిందంటారు. చదువుకున్నవాళ్లు హిస్టీరియా అంటారు. మన స్త్రీలలో రక్తహీనత ఎక్కువన్న మాట నిజమే. కానీ శివరాత్రి ఉపవాసమే కారణమైతే తినకముందు పడిపోవాలి కదా! ముద్ద మింగుతుండగా పడిపోతే ఏమనాలి?

అలాంటి జబ్బు ఒకటుంది. అరుదైనది, ఆడవాళ్లకే వచ్చేదీ కాదు. సంగటి ముద్ద అన్నవాహికలో దిగేటప్పుడు వేగస్ నరం గుండెను మితిమీరి అదుపు చేస్తుంది. గుండె నెమ్మదిస్తుంది, ఒక్కోసారి కొన్ని సెకండ్లు ఆగుతుంది. మెదడుకు రక్తం అందక మనిషి ఒరిగిపోతుంది, కాసేపటికి తేరుకుంటుంది. కొందరికి చల్లటి నీళ్లు, సోడా తాగినా ఇలాగే అవుతుంది.

దీన్ని పట్టుకోవడం అసాధ్యమేమీ కాదు. డాక్టరు దగ్గరుండి, ఇసిజి తీస్తూ ఆ మనిషి చేత మింగించి చూడాలి. అన్నవాహికలో లోపముందేమో పరీక్షించాలి. గుండె వేగాన్ని తగ్గించే మందులు వాడుతుంటే డాక్టరే వాటిని మార్చాలి. చిన్న ముద్దలు తినడంతో కొందరికి సరిపోతుంది. కొందరికి పేస్‌మేకర్ అమర్చాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో, అంటే నేటి ఎన్టీఆర్ వైద్యసేవలో, పేస్‌మేకర్ చికిత్స ఉంది.

మరి అడ్డమేమిటి? "పడిపోయినప్పుడు ఏం చేస్తున్నావమ్మా?" అన్న ఒక్క ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే చూసినవాళ్లుండాలి. అందరికీ వడ్డించి, ఆఖరున వంటింట్లో ఒక్కతే తినే మనిషిని ఎవరు చూస్తారు? పొయ్యి దగ్గర పడి ఉన్నాకే చూస్తారు. ఆసుపత్రిలో ఆమె నోరు విప్పేలోగా భర్తో అత్తో "నీరసం సార్" అనేస్తారు. పడిపోయినప్పుడు చేతులు కొట్టుకుంటే మూర్ఛరోగమని ముద్ర వేస్తారు. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అనర్హతగా ఉన్న మూర్ఛరోగాన్ని 1999లో తొలగించారు. పుట్టింటికి పంపేసే ఆచారం మాత్రం ఆ సవరణ కోసం ఆగలేదు, దాంతో పోలేదు.

అందుకే నేను అంటాను, ఇంట్లో అందరితో కలిసి కూర్చుని తినడం ఆరోగ్య హక్కు. తన జబ్బు గురించి తానే చెప్పుకోవడం కూడా హక్కే. మన సంఘాలు, ఆశా కార్యకర్తలు ప్రతి ఇంట్లో ఆ ప్రశ్న అడగాలి. నంద్యాల ఆసుపత్రిలోనైనా, కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా డాక్టర్లు జవాబు ఆమె నోటినుంచే వినాలి. దీనికి బడ్జెట్టు అక్కర్లేదు, ఆమె మాట మీద నమ్మకం ఉంటే చాలు.