కలుపుతో పాటు కూర కూడా పోయింది

తొలకరి జల్లు పడగానే పత్తి గింజలు నాటుతారు. మూడు వారాలు తిరగకముందే చేనిలో కలుపు తలెత్తుతుంది. ఒకప్పుడు దాన్ని తీయడానికి స్త్రీలు బారులు తీరి సాగేవారు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు వారి ఒడిలో గంగవాయిలి, గురుగు, తుమ్మికూర ఉండేవి. కూలీ డబ్బుతో పాటు ఆ పూటకు కూర కూడా దొరికేది. గంగవాయిలి వేసిన పప్పు రుచి మన ఇళ్లలోని పెద్దలకు ఇంకా గుర్తుండే ఉంటుంది.

నేడు ఆ పని వీపున పంపు తగిలించుకున్న ఒక్క మనిషి చేస్తున్నాడు. గ్లైఫోసేట్ అనే కలుపు మందు పచ్చని మొక్క దేనినైనా మాడ్చివేస్తుంది, మామూలు పత్తిని కూడా. అందుకే ఆ మందును తట్టుకునేలా జన్యువులు మార్చిన పత్తి విత్తనం పుట్టింది. మన దేశంలో 2002లో అనుమతి పొందినది పురుగును తట్టుకునే బీటీ పత్తి మాత్రమే. కలుపు మందును తట్టుకునే రకానికి అనుమతి లేదు. అయినా ‘బీజీ-3’ పేరిట అది చాటుమాటున చేతులు మారుతూనే ఉంది. దానికి రసీదు ఉండదు. మొలక రాకపోతే రైతు ఎవరినీ అడగలేడు. సాళ్ల మధ్య కంది వేసుకునే అవకాశమూ పోతుంది, ఎందుకంటే ఆ మందుకు కంది బతకదు.

రైతును నిందించడం మా ఉద్దేశం కాదు. అదునుకు కూలీలు దొరకరు, దొరికినా కూలీ భారమవుతుంది. అయితే ఈ సులువు ఎన్నాళ్లు నిలుస్తుందో ఆలోచించాలి. అమెరికాలో 1996 నుండి ఇటువంటి పంటలు సాగవుతున్నాయి. పదేళ్లు గడవకముందే జార్జియా రాష్ట్రంలో మన తోటకూర జాతికి చెందిన ఒక కలుపు గ్లైఫోసేట్‌కు లొంగకుండా పోయింది. మన బీటీ పత్తినీ గులాబీరంగు పురుగు జయించింది. ప్రతిసారీ మరో మందు, మరో ఖర్చు.

ఆరోగ్యం మాటేమిటి? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో గ్లైఫోసేట్‌ను ‘బహుశా క్యాన్సర్ కలిగించగలది’ అన్న వర్గంలో చేర్చింది. సూచనల ప్రకారం వాడితే ఆ ప్రమాదం ఉండకపోవచ్చని అమెరికా, ఐరోపా నియంత్రణ సంస్థలు అభిప్రాయపడ్డాయి. వాదం తేలలేదు. కాని ఆ ‘సూచనల’లోని చేతితొడుగులు, ముఖానికి రక్షణ మన ఎండలో, మన చేలలో ఎందరికి ఉన్నాయి? పారాక్వాట్ అనే మరో కలుపు మందు కడుపులోకి వెళితే విరుగుడే లేదు. అటువంటి డబ్బాలు ఎన్నో ఇళ్లలో బియ్యం సంచి పక్కనే ఉంటున్నాయి.

కనుక ప్రతి కుటుంబం కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. రసీదు లేని విత్తనం కొనకూడదు. మందు డబ్బాలను ఇంట్లో ఉంచకూడదు. ఖాళీ డబ్బాలో నీళ్లు పట్టకూడదు. మందు కొట్టిన బట్టలను వేరుగా ఉతకాలి. గర్భిణులను, పిల్లలను ఆ చేని దరిదాపులకు రానీయకూడదు. వీలున్నచోట కొంత చెలకనైనా మందు లేకుండా, కంది సాళ్లతో సాగు చేసుకోవాలి.

ఈ నేల మనం సంపాదించింది కాదు, సృష్టికర్త మన చేతికిచ్చిన అమానత్. అమానత్‌ను పుచ్చుకున్నంత పచ్చగా అప్పగించడమే మన బాధ్యత. రేపు మన మనుమరాలు చేనిగట్టున గంగవాయిలిని చూసి ‘ఇది తినవచ్చా?’ అని అడిగితే, ‘కడుక్కుని తిను తల్లీ’ అని నిర్భయంగా చెప్పగలగాలి.