శృంగారము ఎవరి నోట దోషము?

కావ్యమునందలి శృంగారమును గూర్చి లోకము పలుకు తీర్పులు రెండు విధములు. పలుకును చూచి చెప్పునది యొకటి. పలికినవారిని చూచి చెప్పునది వేరొకటి. రెండవదే మెండు. తెలుగున దీనికి ‘రాధికాసాంత్వనము’ చరిత్రకంటె స్పష్టమైన నిదర్శనము కనరాదు.

18వ శతాబ్దమున, తంజావూరు ప్రతాపసింహుని ఆస్థానమున, ముద్దుపళని ఈ కావ్యమును రచించెను. రాధ తాను పెంచిన ఇళను కృష్ణునకిచ్చి పెండ్లిచేసి, పిదప విరహమున వేగుటయు, కృష్ణుడు ఆమెను అనునయించుటయు ఇందలి కథ. ఇందు స్త్రీ కోరబడునది మాత్రమే కాదు, కోరునది కూడ. అలుకయు ఆమెదే, తమకమును ఆమెదే.

1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దీనిని పరిష్కరించి వావిళ్లవారిచే ముద్రింపించిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ముద్దుపళని కవితామాధుర్యమును అంగీకరించుచునే, ఇందలి శృంగారము స్త్రీ వినదగనిదనియు, స్త్రీ నోట రాదగనిదనియు గర్హించిరి. వితంతువివాహములకై 1881లో రాజమహేంద్రవరమున సంఘమును ధిక్కరించిన ధీరుడాయన. అట్టివారి న్యాయబుద్ధియు ఇచ్చట నొక ఎల్లకడ ఆగిపోయినది. లజ్జ స్త్రీజాతికి మాత్రమే విధింపబడిన ధర్మమా యని నాగరత్నమ్మగారు ఎదురు ప్రశ్నించిరి. పంతులుగారే పరిశీలించి ఆమోదించిన ‘వైజయంతీవిలాసము’ను ఉదాహరించిరి. అది పురుషకవి రచన.

1911లో ప్రభుత్వము అశ్లీలమని ప్రతులను స్వాధీనపరచుకొన్నది. నాటి విచారణలకు ఆధారములు 1860 నాటి శిక్షాస్మృతియు, 1868లో ఇంగ్లండు న్యాయస్థానము నిర్ణయించిన గీటురాయియు. చెడుకు లోనుకాగల మనస్సును ఏ వ్రాత చెరుపగలదో అది అశ్లీలమని ఆ సూత్రము. రసజ్ఞుని హృదయమునకు అందు చోటు లేదు. ఇదంతయు పరాయి పాలకుల పని యని తోసివేయుట సులభమే. కాని స్త్రీ నోటికి వేరు ధర్మము విధించిన గర్హణ తెలుగు విమర్శకుని కలముననే వెలువడినది గదా!

1947లో టంగుటూరి ప్రకాశముగారి పూనికతో నిషేధము తొలగినది. 1952లో కావ్యము మరల అచ్చయినది. ఇంగ్లండునుండి వచ్చిన ఆ గీటురాయిని భారత సర్వోన్నత న్యాయస్థానము 2014లో విడనాడినది. అయినను శాసనము తొలగుట వేరు, సంస్కారము మారుట వేరు.

క్షేత్రయ్య పదమున నాయిక తన కోరికను వెల్లడించినపుడు సభ తలయూచును. అది పురుషుడు స్త్రీ నోట ఉంచిన పలుకు. ఆ పలుకునే స్త్రీ తానుగా పలికినచో, సభ కవిత్వమును విడిచి ఆమె కులమును, శీలమును విచారించును. ముద్దుపళనికి జరిగినది ఇదియే. దేహమును గూర్చి వ్రాయు నేటి రచయిత్రికిని ఈ విచారణ తప్పుటలేదు.

ఔచిత్యవిచారము అక్కరలేదని కాదు. క్షేమేంద్రుడు 11వ శతాబ్దముననే దానిని కావ్యమునకు ప్రాణమనెను. కాని అది కావ్యమునకు గీటురాయి. కవి జన్మమునకు కాదు, స్త్రీత్వమునకు కాదు. శృంగారము ఇరువురిది. ఒకరి నోటికి మాత్రమే హక్కునిచ్చి, రెండవవారి మౌనమును సంస్కృతియని పొగడుట సంస్కృతికే అపచారము.